సివర ఏటి మార్చేవమ్మీ?

మాస్టారు పోయారన్న కబురు నాకు బస్సులో అందింది. బోరిగుమ్మలో పని చూసుకుని కోరాపుట్ తిరిగి వస్తున్నాను. జయపురం దాటి ఘాటీ ఎక్కుతుంటే ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉంది. రాయగడ నుంచి మా నాన్న మూడుసార్లు చేస్తే, మూడోసారికి మాట వినబడింది.

"అమ్మీ, మాస్టారు ఎల్లిపోయేరు. పొద్దున్న పేపరు సదువుకుంటా అలాగే ఒరిగిపోయేరంట. నువ్వు బస్సులోనే ఉన్నావేటి? కిటికీ పక్కన కూకున్నావా?"

ఘాటీలో నాకు వాంతులవుతాయని ఆయనకు నా చిన్నప్పటి నుంచీ భయం. అంత దుఃఖంలోనూ అదే అడిగాడు. కూర్చున్నానని చెప్పి ఫోను పెట్టేశాను.

ఆ క్షణాన నాకు వచ్చిన మొదటి ఆలోచన చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. మాస్టారు లేరే అని కాదు. ఇంక ఆయనకు ఆ మాట చెప్పలేను కదా అని. ఏడేళ్లుగా చెప్పాలనుకుంటూ వాయిదా వేసిన మాట అది. ఆయన చేయని తప్పును ఆయన నెత్తిన ఉంచి, నేను ఉద్యోగం చేసుకుంటూ, పండక్కి వెళ్లి కాళ్లకు దణ్ణం పెట్టి వస్తూ ఉన్నాను. ఏడుపు ఆ తరువాత వచ్చింది. కోరాపుట్ బస్టాండులో దిగాక కూడా ఆగలేదు.

మీరు రాయగడ చూసి ఉండకపోవచ్చు. ఒడిశాలో ఉన్నా సగం వీధులు తెలుగులోనే దెబ్బలాడుకునే ఊరు. మా నాన్న మునిసిపాలిటీలో కుళాయి నీళ్లు వదిలే పని చేసేవాడు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల మాస్టారి ఇల్లు. ఆయన బడిలో పాఠం చెప్పిన మాస్టారు కాదు. టెలిఫోను శాఖలో స్తంభాలెక్కడం దగ్గర మొదలుపెట్టి ఎక్స్ఛేంజీలో కూర్చునే దాకా వచ్చి రిటైరయ్యారు. ఆ తరువాత ముందుగదిలో రెండు పాత కంప్యూటర్లు పెట్టి వీధిలో పిల్లలకు నేర్పడం మొదలుపెడితే, ఊరే ఆయనను మాస్టారిని చేసింది. అరవై దాటాక పైథాన్ అనే ప్రోగ్రామింగు భాష నేర్చుకున్నారు. పుస్తకం ప్రింటు తీయించుకుని, దానికి అట్ట వేసుకుని, పరీక్షకు కూర్చునేవాడిలా పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివారు.

ఆయన జ్ఞాపకశక్తి గురించి చెప్పకపోతే తరువాతి సంగతి మీకు అర్థం కాదు. ఊళ్లో సగం మంది ఫోను నంబర్లు ఆయనకు నోటికి వచ్చు. పెళ్లి పిలుపులకు బయలుదేరేవాళ్లు ముందు ఆయన గుమ్మం దగ్గర ఆగి, ఫలానా కిరాణా కొట్టాయన నంబరేమిటి మాస్టారూ అని అడిగి మరీ వెళ్లేవారు. ఆయన కళ్లు మూసుకుని పది అంకెలూ అప్పజెప్పేవారు. అప్పజెప్పాక మీసం కింద ఒక చిన్న నవ్వు నవ్వేవారు. ఆయనకున్న గర్వమల్లా ఆ ఒక్కటే.

మా వైపు సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లలు చాలామంది. మునిగుడ నుంచి, కొండల మీది ఊళ్ల నుంచి తల్లులు పిల్లలను ఎత్తుకుని వస్తారు. రక్తం ఎక్కించాలంటారు డాక్టర్లు. ఇచ్చేవాళ్లను వెతకడానికి ఊళ్లో ఒక రక్తదాతల సంఘం ఉండేది. ఎవరిది ఏ గ్రూపు, ఎప్పుడు ఇచ్చారు, ఫోను నంబరేమిటి, ఇవన్నీ నోటుపుస్తకాల్లో ఉండేవి. వాటన్నింటినీ ఒక వెబ్‌సైటుగా చేద్దామని మాస్టారు పూనుకుని, ఆయన దగ్గరే నేర్చుకుంటున్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒక వానాకాలమంతా పట్టింది. ఏదో ఫ్రేమ్‌వర్కు, దాని వెనక డేటాబేసు. సంఘం పెద్దలకు ఆయన ఒక్క ముక్కలో చెప్పారు. "ముందు గదిలో మిషను అడుగుతాది. వెనక గదిలో మిషను సెప్తాది. రెండింటికీ మద్దెన వైరు."

ఆ మధ్యలోదే గొడవంతా. ముందు మిషను వెనక మిషనును పలకరించలేకపోయిన ప్రతిసారీ తెర నిండా ఇంగ్లీషులో గజిబిజి వచ్చి పడేది. మొదటిసారి వచ్చినప్పుడు నేను భయపడి ఆ పేజీ మూసేశాను. మాస్టారు దాన్ని మళ్లీ తెరిపించారు.

"ఏటైందమ్మీ?"

"డేటాబేసు రావట్లేదు మాస్టారూ."

"అది నువ్వు అనుకుంటన్నది. తెర మీద ఏటి రాసున్నాది?"

"సానా రాసుంది."

"ఆకరి వరస సదువు. పైకి సదువు. మనకొచ్చిన ఉత్తరం సగం సదివి సింపేస్తామేటి?"

అలా నేర్చుకున్నాను. కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తే, ఆ నంబరులో ఎవరో ఉన్నారు, కానీ మనం కొట్టిన తలుపు తీయడం లేదు. టైమౌట్ అని వస్తే, అక్కడ అసలు ఎవరూ లేరు, లేదా మనమే దారిలో ఎక్కడో చిక్కుకున్నాం. పాస్‌వర్డు తప్పని వస్తే మాత్రం "సంతోషించు, తలుపు తీసేరు. నిన్ను ఆనవాలు పట్టలేదు, అంతే కదా" అనేవారు. ఏది వచ్చినా మన చేతికి దగ్గరగా ఉన్నదాని నుంచి మొదలుపెట్టాలి. "ఇంట్లో రిసీవరు సరిగ్గా పెట్టేరో లేదో సూడకుండా స్తంబం ఎక్కకు" అని ఆయన పాత ఉద్యోగపు మాట. ఒకసారికి ఒకటే మార్చాలి. మార్చింది నోటుపుస్తకంలో రాయాలి. రెండు ఒకేసారి మారిస్తే ఏది బాగు చేసిందో తెలియదు, ఏది పాడు చేసిందో అసలే తెలియదు.

వీటన్నింటికన్నా ముందు ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది. "సివర ఏటి మార్చేవమ్మీ?" నిన్న పనిచేసింది ఇవాళ పనిచేయడం లేదంటే మధ్యలో ఏదో మారింది. ఆ మారినదాన్ని పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఆ ప్రశ్న ఆయనకు ఎంత అలవాటంటే, చారు రుచి తప్పినా భార్యను అదే అడిగేవారు. మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ ఊరుకునే మనిషి కాదు. "మీ నోరే మారింది. అది బాగు సేయించుకోండి" అనేది. మేము నవ్వుతుంటే మాస్టారు గబగబా చారు తాగేసేవారు.

ఇంక ఆ రోజు సంగతి.

మా వైపు విశ్వకర్మ పూజంటే మిషన్ల పండగ. తెరుబలి ఫ్యాక్టరీ మొదలుకుని మా వీధి సైకిల్ షాపు దాకా ఆ రోజు ఏ పనిముట్టునూ పనికి వాడరు. కడిగి బొట్టు పెట్టి విశ్రాంతి ఇస్తారు. సంఘం ఆఫీసులో ఏడాది పొడుగునా ఆపని వెనక గది కంప్యూటరును కూడా ఆపి, తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, మీద మందారపువ్వు ఉంచాం. మాస్టారు రౌటరుకు కూడా బొట్టు పెట్టారు. "సిన్నదని ఒగ్గేస్తే ఎలాగమ్మీ? ఇక్కడ అందరికీ నంబర్లిచ్చేది ఇదే" అన్నారు. ఆ సాయంత్రం ఆయన గుణుపురం దగ్గర బంధువుల ఇంటికి వెళ్లారు. మర్నాడు పదకొండింటి బస్సుకు వస్తానన్నారు.

మర్నాడు పొద్దున్న ఆఫీసు తెరిచి స్విచ్చులన్నీ నేనే వేశాను. వెబ్‌సైటు తెరిస్తే కనెక్షన్ రిఫ్యూజ్డ్. అప్పటికే బల్ల మీద ఒక తల్లి కూర్చుని ఉంది. మునిగుడ దగ్గరి ఊరు. ఒళ్లో ఎనిమిదేళ్ల పిల్ల, పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మధ్యాహ్నంలోపు బి పాజిటివ్ రక్తం కావాలని డాక్టరు రాసిచ్చిన చీటీ నా చేతిలో పెట్టింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కోరాపుట్‌లో ఒక ఉద్యోగానికి సంఘం సెక్రటరీగారు ఆ రోజే నాకు సిఫారసు ఉత్తరం రాసిస్తానన్నారు. మా నాన్న ఆ ఉత్తరం కోసం పది రోజులుగా ఎదురు చూస్తున్నాడు.

మాస్టారు నేర్పినదంతా గాలికి పోయింది. మిషన్లను ఆపి మళ్లీ వేశాను. ఫోనులో వెతికితే ఎవరో పాస్‌వర్డు కొత్తగా పెట్టి చూడమన్నారు. వెనక గదిలోకి పరుగెత్తి డేటాబేసు పాస్‌వర్డు మార్చేశాను. ఎర్రరు మారలేదు. హడావిడిలో ఏం కొట్టానో మళ్లీ గుర్తు చేసుకుందామంటే గుర్తు రాలేదు. నోటుపుస్తకంలో రాయలేదు. ఒక తప్పు ఉన్నచోట రెండు చేసి కూర్చున్నాను.

మాస్టారు బస్సు దిగి చేతిసంచీతోనే వచ్చారు. ముందు ఆ తల్లిని చూశారు. "బొసొ మా, బొసొ" అని లేవబోతున్న ఆవిడను కూర్చోబెట్టి, చీటీ చదివి, నా వైపు తిరిగారు.

"సివర ఏటి మార్చేవమ్మీ?"

"ఏటీ మార్చలేదు మాస్టారూ."

ఆ అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"సరే. ముందు పాప. మిషను తరవాత" అని ఆయన కళ్లు మూసుకున్నారు. బి పాజిటివ్ వాళ్లు ఎవరు, వాళ్లలో ఇచ్చి మూడు నెలలు దాటినవాళ్లు ఎవరు అని పెదవుల మీదే లెక్క వేసుకుని, కాగితం చూడకుండా ఫోను చేయడం మొదలుపెట్టారు. మొదటాయన ఊళ్లో లేడు. రెండో ఆయనకు జ్వరం. మూడో ఆయన చింతపండు వ్యాపారి. కొట్టు అలాగే వదిలేసి స్కూటరు మీద వచ్చి, తల్లినీ పిల్లనూ తీసుకుని ఆస్పత్రికి వెళ్లాడు.

"జాబితా అంతా మీ తలకాయలోనే ఉంటే మనం ఇదంతా ఎందుకు సేసేం మాస్టారూ?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నేను ఎల్లిపోయేక ఎవరి తలకాయ తెస్తారు?" అన్నారు ఆయన, కుర్చీ దగ్గరకు లాక్కుంటూ.

పావుగంటలో మొదటి తప్పు దొరికింది. పూజకు అన్నీ ఆపాం కదా. పొద్దున్న నేను ప్రింటరు స్విచ్చి ముందు వేశాను, వెనక కంప్యూటరుది తరువాత వేశాను. ముందు లేచినవాళ్లకు ముందు నంబరిచ్చే రౌటరు, డేటాబేసు నంబరును ప్రింటరుకు ఇచ్చేసింది. వెబ్‌సైటు మాత్రం పాత నంబరుకే పోతోంది. మాస్టారు కడుపు పట్టుకుని నవ్వారు. "పొద్దున్న నుంచీ మనం ప్రింటరుని రక్తం అడుగుతన్నామమ్మీ!" ఇంకెప్పుడూ మారకుండా వెనక మిషనుకు ఆ నంబరును ఖాయం చేసి, మళ్లీ తెరిచారు.

ఎర్రరు మారింది. పాస్‌వర్డు తప్పు అంటోంది.

ఆయన దాన్ని పైకి చదవలేదు. చాలాసేపు చూశారు. "పాస్‌వర్డు దానంతటది మారదు కదమ్మీ" అన్నారు మెల్లగా. తరువాత మళ్లీ అడిగారు. "సివర ఏటి మార్చేవు?"

"ఏటీ లేదు మాస్టారూ."

మూడోసారి అడగలేదు. లేచి వెనక గదిలోకి వెళ్లి కొత్త పాస్‌వర్డు పెట్టారు. ముందు మిషనులోనూ అదే రాశారు. పేజీ తెరుచుకుంది. నోటుపుస్తకంలో తన చేతిరాతతో పాస్‌వర్డు మార్చినట్టు రాసి, కింద తన సంతకం చేశారు.

అప్పుడే సెక్రటరీగారు ఇద్దరు సభ్యులతో వచ్చారు. పొద్దున్న నుంచి సైటు పనిచేయలేదని ఎవరో చెప్పారట. "కొణొ హేలా మాస్టారూ, ఏమిటిది? రోగులతో వ్యవహారం కదా" అన్నారు. మాస్టారు పూజ సంగతి చెప్పారు. సెక్రటరీగారు నోటుపుస్తకం తిప్పి చూశారు. మరి పాస్‌వర్డు అంతకుముందు ఎవరు మార్చారని అడిగారు. నేను గోడ వైపు చూస్తున్నాను.

"నేనే మార్చి మర్చిపోయేనండి. వయసు" అన్నారు మాస్టారు.

సెక్రటరీగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అయ్యో అన్నట్టు చూసి, భుజం తట్టి, ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమన్నారు. తరువాత అదే బల్ల మీద కూర్చుని నా సిఫారసు ఉత్తరం మీద సంతకం పెట్టారు. నెల తిరగకుండా ఆ పని బయటివాళ్లకు అప్పగించి, మాస్టారి దగ్గరున్న ఆఫీసు తాళంచెవి మర్యాదగా తీసుకున్నారు. కాగితం చూడకుండా నంబర్లు గుర్తుచేసుకుని పిల్లకు రక్తం ఇప్పించిన రోజునే ఆయనకు మతిమరుపు అన్న పేరు స్థిరపడింది. బజారులో "ఇంటి దారి గుర్తున్నాదా మాస్టారూ" అని వేళాకోళమాడేవారు. ఆయన కూడా నవ్వేవారు. పెళ్లి పిలుపులవాళ్లు ఆయన గుమ్మం దగ్గర ఆగడం మానేశారు.

నేను కోరాపుట్ వెళ్లిపోయాను. పనిలో చిక్కు వచ్చినప్పుడల్లా ఆయనకే ఫోను చేసేదాన్ని. ఒకసారి మా ఆఫీసు అప్లికేషను రోజూ మధ్యాహ్నానికి ఆగిపోయేది. కనెక్షన్లు మరీ ఎక్కువైపోయాయని ఎర్రరు. ఎన్ని ఉండవచ్చో ఆ సంఖ్య పెంచుదామనుకున్నాను. మాస్టారు వద్దన్నారు. "మాటలాడ్డం అయిపోయినా రిసీవరు కింద పెట్టకుండా ఎల్లిపోయేవోళ్లుంటారు. ఆ లైను ఇంకెవరికీ దొరకదు. నీ కోడులో అలాటోడు ఎవడున్నాడో సూడు." చూశాను. ఒక రిపోర్టు తీసేచోట కనెక్షను తెరిచి, మూయకుండా వదిలేశాను. అలా ఎన్నిసార్లు ఎన్ని చెప్పారో. ఇప్పటికీ ఎర్రరు రాగానే నా చెయ్యి ఫోను మీదికే పోతుంది. నంబరు నొక్కేదాకా ఆయన లేరని గుర్తు రావడం లేదు. ఎవరినైనా అడిగి తెలుసుకోగలను, ఇంటర్నెట్టులో అన్నీ ఉన్నాయి. కానీ "పైకి సదువమ్మీ" అనే మనిషి లేకపోతే నాకు ఆ ఆకరి వరస కనబడదు.

రాయగడ వెళ్లినప్పుడల్లా ఈసారి చెప్పేస్తాననుకునే ఆయన ఇంటికి వెళ్లేదాన్ని. ఒకసారి నోటిదాకా వచ్చింది. "మాస్టారూ, ఆ రోజు..." అన్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, కళ్లజోడు తీసి, నా వైపు చూశారు. ఏమీ తొందర పెట్టలేదు.

"ఆ రోజు వచ్చిన పాప... ఎలాగుందో తెలిసిందా?" అన్నాను.

"బాగున్నాది. తొమ్మిదో తరగతి సదువుతన్నాది" అన్నారు. ఇంకా కొంచెంసేపు చూసి, కళ్లజోడు పెట్టుకుని, పేపరు తీసుకున్నారు.

పన్నెండో రోజుకు వెళ్లాను. భోజనాలయ్యి, చుట్టాలు గుణుపురం వైపు బస్సులకు బయలుదేరాక, ఆ ముందుగదిలో నేనూ పెద్దమ్మా మిగిలాం. గోడకు ఆనించి ఆయన ఫోటో పెట్టారు. ఆవిడ మొహం చూస్తుంటే ఇంక దాచుకోలేకపోయాను.

"పెద్దమ్మా, నేను మాస్టారికి ఒక మాట సెప్పాల. సెప్పలేకపోయేను. నీకన్నా సెప్తాను."

"నాకొద్దమ్మీ" అంది వెంటనే. "అది ఆయనకి దాసిన మాట. నాకు సెప్పకు."

ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు కోరాపుట్ నుంచి వచ్చినప్పుడల్లా నన్ను ఈ గదిలో కూకోనిచ్చేవారా? 'లోపలికెల్లి టీ పెట్టు, తొందర్లేదు' అనేవారు. తొందర్లేదని రెండుసార్లు అనేవారు. ఎందుకండీ ఆ పిల్లని నేనూ సూడొద్దేటి అంటే, 'ఆ అమ్మి నాకొక మాట సెప్పాల. నువ్వుంటే సెప్పదు' అనేవారు. ఏటా మాటని అడిగితే నాకూ సెప్పలేదు. నేను అక్కడ నిలబడీ నిలబడీ, టీ మరిగీ మరిగీ సేదైపోయేది. నువ్వేమో బాగుంది పెద్దమ్మా అని తాగీసి ఎల్లిపోయేదానివి."

నేను ఏడుస్తున్నాను. ఏడేళ్లు ఆయన ఆ కుర్చీలో కూర్చుని నా కోసం గది ఖాళీ చేయించి కాచుకున్నారు. అడగగలిగీ అడగలేదు. నేనేమో ప్రతిసారీ వాతావరణం గురించి, బస్సుల గురించి, వచ్చిన ఎర్రర్ల గురించి చెప్పి లేచి వచ్చేశాను.

పెద్దమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"టీ పెడతాను" అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "తొందర్లేదు."

గదిలో నేనూ ఫోటో ఉన్నాం. పూలదండ ఆయన మీసం దాకా జారి ఉంది. కొంచెం పైకి సర్దాను. 

"మాస్టారూ," అన్నాను, "పాస్‌వర్డు నేనే మార్చేను. మీరేటీ మర్చిపోలేదు."

ఇంకా చాలా చెప్పాను. అవి ఇక్కడ రాయను. చెప్పినంతసేపూ వంటింట్లో గిన్నె చప్పుడు లేదు, స్టవ్ వెలిగిన చప్పుడు లేదు. తలుపు సందులోంచి చూస్తే పెద్దమ్మ గట్టు దగ్గర గోడ వైపు తిరిగి, లైటరు చేతిలో పట్టుకుని, అలాగే నిలబడి ఉంది.